తడి దస్తీ

తడిసిన నూలు గుడ్డ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఊపిరి బిగుసుకుంటుంది. నిన్న మైదానంలో ఒక అమ్మాయి తడి దస్తీతో ముఖం తుడుచుకుంటుంటే నరసయ్య సార్ గుర్తొచ్చారు. డెబ్బైల చివర హన్మకొండలో మా బడికి ఆయన డ్రిల్లు మాస్టారు. నన్ను దూరపు పరుగుకు తయారు చేసింది ఆయనే. గాలి పలచగా ఉండే ఎత్తైన కొండల మీద సాధన చేస్తే పరుగులో దమ్ము పెరుగుతుందని ఎక్కడో చదివారు. "అంతంత గుట్టలు మనకెక్కడున్నయి? ఉన్న గాలినే జర తక్కువ పీల్చుకుందాం" అంటూ దస్తీని నాలుగు మడతలు పెట్టి, నీళ్లలో ముంచి, నా ముక్కుకు, నోటికి అడ్డంగా కట్టేవారు. అలాగే రోజూ మైదానం చుట్టూ పరుగెత్తించేవారు.

మొదట్లో గర్వంగానే ఉండేది. నెల తిరిగేసరికి జలుబు వదలడం మానేసింది. నోట్లో పుండ్లు, సాయంత్రానికి జ్వరం. రాష్ట్ర జట్టు ఎంపికకు పది రోజులే ఉంది. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఊరికే చదువు. అందుకే జ్వరం ఎవరికీ చెప్పలేదు. మొండిదాన్ని.

ఒక పొద్దున మూడో చుట్టులో కూలబడ్డాను. సార్ పరుగున వచ్చి ముఖానికున్న గుడ్డ లాగేసి, నుదుటి మీద చెయ్యి వేశారు.

"ఒళ్లు కాలిపోతాంది. ఎన్నొద్దులాయె బిడ్డా?"

"ఏం లేదు సార్. సెలక్షన్ అయినంక పండుకుంట."

ఆయన చేతిలోని స్టాప్‌వాచీని జేబులో వేసుకున్నారు. "గడియారం చూసుకుంట కూసున్న. నీ మొఖం చూడకపోతి" అన్నారు.

దవాఖానలో డాక్టరు, ఒళ్లు పూర్తిగా అలిసిపోయిందని, అలా అలిసిన ఒంటికి రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదని కోప్పడ్డాడు. సార్ తల వంచుకుని విన్నారు. ఎంపిక జాబితాలోంచి నా పేరు ఆయనే కొట్టేయించారు. ఇంటికొచ్చి మా అమ్మతో, "తప్పు నాదే అక్కా, పిల్లను ఏమనకు" అన్నారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. సార్ జేబులోంచి అదే దస్తీ తీసి, చెంబు నీళ్లలో తడిపి, పిండి, నా నుదుటి మీద పరిచారు. జ్వరం దిగేదాకా దాన్ని మళ్లీ మళ్లీ తడిపి వేస్తూ మంచం పక్కనే కూర్చున్నారు.

ఆ సీటు నాకు మళ్లీ రాలేదు. ఇప్పుడు నేనూ పిల్లలకు పరుగు నేర్పుతున్నాను. రోజూ వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను. "ఏంది మేడం, రోజూ గిదేనా?" అని నవ్వుతారు. నవ్వనిస్తాను. చివరి పిల్లను కూడా చూశాకే గడియారం బయటికి తీస్తాను.