పలకకు అంటుకుపోయిన పట్టా

మొన్న మా అక్క మనవరాలు మార్కాపురం వచ్చినప్పుడు, నేను పొయ్యి మీద పాలు పెట్టి టీ పొడి డబ్బా ఎక్కడ పెట్టానో వెదుక్కుంటున్నంతలోనే, బయటి దేశంలో ఏదో ఉద్యోగం కోసం తన డిగ్రీ నిజమైనదేనని రుజువు చేసే పని మొత్తం ముగించేసింది. మంచం మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని, ఫోనులో నాలుగు చోట్ల వేలు పెట్టింది, ఏదో నంబరు వచ్చింది, ఆ నంబరు తిరిగి కొట్టింది, అంతే. మిగతాది యూనివర్సిటీ వాళ్ళే అక్కడికి పంపేసుకుంటారట. కప్పు చేతికిస్తూ ఒరిజినల్ ఎక్కడ పెట్టావమ్మా అని అడిగితే, హైదరాబాదులో ఏ అట్టపెట్టెలోనో ఉండాలి అమ్మమ్మా అని టీ ఊదుకుంది. మన తరం వాళ్ళకు ఒరిజినల్ అంటే ఎంత భయభక్తులో, ట్రంకు పెట్టె అడుగున పెళ్ళిచీర మడతల్లో దాన్ని ఎట్లా పడుకోబెట్టేవాళ్ళమో, ఎవరైనా చూపించమంటే ముందు చేతులు కడుక్కుని ఎట్లా బయటికి తీసేవాళ్ళమో మీకు నేను చెప్పనక్కర్లేదు. నా ఒరిజినల్‌కు మాత్రం ట్రంకు పెట్టెలో పడుకునే యోగం లేకపోయింది. నుదుటి రాత అని అందరూ అంటారు గదా, నాది రాతి మీది రాత.

మా నాయన ఈ ఊళ్ళోనే పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గని నుంచి వచ్చిన రాతి దిమ్మెకు ఉలి ఆనించి, కొయ్య సుత్తితో చిన్నగా తట్టి, పుస్తకంలో పేజీలు తిప్పినంత సులువుగా పొరలు విప్పడం ఆయన పని. ఆయనకు సంతకం రాదు గానీ, రాయిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి, ఇది ఎక్కడ చీలుతుందో ముందే చెప్పేసేవాడు. మా వీధిలో డిగ్రీ దాకా పోయిన మొదటిదాన్ని నేను. పాపకు పట్టా వచ్చిందని అమ్మ ఒక ఆదివారం చర్చి బయట నిలబడి చెబుతుంటే, పామూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దమ్మ ఎన్ని ఎకరాలకమ్మా అని అడిగింది. నా మార్కులను బట్టి చూస్తే అది అరెకరం మెట్ట కన్నా ఎక్కువ ఉండదు గానీ, అమ్మ మాత్రం ఆ సంగతి బయట పెట్టలేదు.

మాది మట్టిగోడల ఇల్లు, చెదలు మాకన్నా ముందు నుంచే అందులో కాపురం ఉండేవి. అంతకుముందే నా ఇంటర్ మార్కుల కాగితాన్ని ఒక మూల కొరికేశాయి. కొరికితే కొరికాయి, ఇంగ్లీషులో నాకు వచ్చిన మార్కులను కొరికినా ఎంతో పుణ్యం ఉండేది, వాటిని భద్రంగా వదిలేసి లెక్కల మార్కులు తిన్నాయి. అందుకని డిగ్రీ ఇంటికి రాగానే నాయన ఒక నిర్ణయానికి వచ్చాడు. చెదపురుగు కాగితం తింటుంది, కట్టె తింటుంది, రాయి జోలికి మాత్రం పోదు గదా అన్నది ఆయన వాదన. ఎగుమతికి కోసే పెద్ద సైజు పలక ఒకటి మేస్త్రీని అడిగి తెచ్చి, మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, ఆ బంకతో నా డిగ్రీని పలకకు ఈ మూల నుంచి ఆ మూల దాకా ముడత లేకుండా అంటించాడు. చుట్టూ చెక్క చట్రం బిగించి, చట్రానికి వేపనూనె పట్టించి, గోడకు తగిలించాడు. వచ్చినవాళ్ళంతా చూసి మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. కాగితానికి ముందు ఉన్నట్టే వెనక కూడా ఉంటుందని ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తోచలేదు. ముందూ వెనకా చూసుకోకుండా పని చేయడం అంటే ఇదేనేమో.

తర్వాత నేను రోజూ రైలెక్కి గిద్దలూరు పోయి, అక్కడ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆ రోజుల్లోనే నాయనకు దగ్గు పట్టుకుంది. రాతి దుమ్ము ఏళ్ళ తరబడి లోపలికి పోయి తెచ్చిన దగ్గు అది, మందులకు లొంగేది కాదు. ఇంక ఆ దుమ్ములో అడుగు పెట్టొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. నాయన తలూపి, మరునాడు పొద్దున్నే మళ్ళీ పనికి పోయాడు. నా జీతంతో ఇల్లు గడవదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే మస్కట్‌లో ఒక బడికి లెక్కల టీచర్లు కావాలని పేపర్లో చూసి, హైదరాబాదులో ఒక ఏజెంటు ద్వారా దరఖాస్తు పెట్టాను, నా అదృష్టమో వాళ్ళ అవసరమో నన్ను తీసుకున్నారు. నేను అక్కడ కుదురుకుంటే నాయనను ఫ్యాక్టరీ మాన్పించవచ్చు, ఆ రోజుల్లో నా మనసులో ఉన్నది ఆ ఒక్క లెక్కే.

ఒక గురువారం సాయంత్రం మా సందు చివర ఎస్టీడీ బూత్ ఆయన పరుగున వచ్చి ఫోనని పిలిచాడు. ఏజెంటు మంచివాడే గానీ మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకునే అలవాటు లేదు. సోమవారం పొద్దున ఒరిజినల్ డిగ్రీతో హైదరాబాదులో ఉండాలి, రాష్ట్రం ముద్ర, ఢిల్లీ ముద్ర, ఆ దేశం వాళ్ళ ముద్ర, మూడూ పడితేగాని వీసా రాదు, సోమవారం దాటితే లిస్టులో తర్వాతి పేరుకు పోతుంది అని గడగడా చెప్పి, ముద్రలన్నీ వెనకవైపే వేస్తారు, వెనక శుభ్రంగా ఉంది కదా అని అడిగాడు. ఉంది సార్ అన్నాను. అబద్ధం కాదు. మా నాయన అంత శుభ్రంగా ఎవరు అంటిస్తారు?

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఏడుపు మొదలుపెట్టింది, నాయన గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. సలహాలకేం, వీధి వీధంతా వచ్చింది. ఒకరు నీళ్ళలో నానబెట్టమన్నారు, కానీ డిగ్రీ మీద నా పేరు చేత్తో సిరాతో రాసింది, నీళ్ళు తగిలితే నా పేరే కారిపోయి ఊరూ పేరూ లేనిదాన్ని అయిపోతాను. ఒకరు బ్లేడు పెట్టి గీకమన్నారు. నాయనతోపాటు అదే ఫ్యాక్టరీ షెడ్డులో పనిచేసే మా చిన్నాయన మాత్రం చట్రం మీద వేలితో కొట్టి చూసి తల అడ్డంగా ఊపినాడు.

“అన్నా, నువ్వు అంటించినావంటే అది ప్రభువు రాకడ దాకా ఊడదు” అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే నాయన నవ్వేవాడు.

పోయిందని పోలీసు స్టేషనులో కాగితం రాయించుకుంటే యూనివర్సిటీ వాళ్ళు నకలు ఇస్తారని కూడా ఆ చిన్నాయనే చెప్పాడు. నకలు రావడానికి నెలలు పడుతుంది, సోమవారానికి మధ్యలో ఉన్నది మూడు రోజులు. అయినా మునిగిపోయేవాళ్ళకు దొరికింది పట్టుకోవాలనే ఉంటుంది గదా, నేను సరేనని లేవబోయాను. నాయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినాడు.

“గోడకుండేదాన్ని పోయిందని ఎట్ల సంతకం పెడతావు పాపా? అంటించింది నేను. నేనే చూస్తా, ఉండు.”

శుక్రవారమంతా ఆయన ఏమీ చేయలేదు. పనికి పోయాడు, వచ్చాడు, అన్నం తింటూ పలకను చూశాడు. శనివారం మధ్యాహ్నం సగం పూట పని అయిపోగానే, పలకను గోడ మీదినుంచి దించి, దుప్పటిలో చుట్టి, నన్నూ చిన్నాయననూ వెంటబెట్టుకుని ఖాళీ షెడ్డుకు తీసుకుపోయాడు. చట్రం విప్పి, అమ్మ పాత వాయిలు చీరను నాలుగు మడతలు వేసి, దాని మీద డిగ్రీని బోర్లా పడుకోబెట్టాడు. కాగితం కిందికి పోయింది, రాయి పైకి వచ్చింది. చిన్నాయనకు అర్థం కాక, ఏందన్నా ఇది తిరగేసి పెట్టినావు అన్నాడు.

“అందరూ కాగితాన్ని ఊడబెరకాలనే చూస్తాండారు. రాయిని ఊడదీస్తే పోలా?” అన్నాడు నాయన.

అప్పటికి ఎన్నో వేల పలకలు చీల్చిన మనిషి, మందమైన దిమ్మెల్ని చీల్చాడు గానీ వేలెడు మందం కూడా లేని పలకను మళ్ళీ చీల్చడం ఎవరూ చేయరు, దాంతో పనేముంది కనుక. సన్న ఉలిని అంచుకు ఆనించి, సుత్తి చప్పుడు మాకే వినపడనంత మెల్లగా తట్టాడు. ఒక పొర చిన్న చిన్న ముక్కలుగా లేచింది. ఇంకోటి లేచింది. నాకు చూడటం చేతకాక కాసేపు చూరు వైపు, కాసేపు చిన్నాయన మొహం వైపు చూశాను. మధ్యలో నాయనకు దగ్గు వచ్చేది. వచ్చే ముందే ఆయనకు తెలిసేది, ఉలి కింద పెట్టి బయటికి పోయి, షెడ్డు గోడ పట్టుకుని వంగి దగ్గి దగ్గి, నోరు తుడుచుకుని, చేతులు కుదురుకునేదాకా నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు అట్లా పోయి వచ్చాడో. చివరికి రాయి అప్పడమంత పలచన అయింది. అక్కడి నుంచి ఉలి పక్కన పెట్టి, కాగితాన్ని కదలనీయకుండా, రాయిని మాత్రం గోటితో గోరంత గోరంత విరుస్తూ వచ్చాడు. మిగిలిన బంకను తడి పిండేసిన గుడ్డతో అద్ది అద్ది తీశాడు. ఎండ వాలేవేళకు నా డిగ్రీ చీర మీద ఒంటరిగా పడుకుని ఉంది. తిప్పి చూస్తే నా పేరు చెక్కు చెదరలేదు. వెనక మాత్రం కాస్త బూడిదరంగు, ఒక మూల చిటికెన వేలి గోరంత రాతి పెచ్చు. దాన్ని తీస్తే కాగితం చిరుగుతుందని నాయన వదిలేసినాడు. చిన్నాయన లేచి నాయనకు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

సోమవారం పొద్దున హైదరాబాదు కౌంటరులో కూర్చున్న పెద్దాయన డిగ్రీని తిప్పి, వెలుతురుకు పట్టుకుని, వెనక వేలితో రాసి చూశాడు. వేలికి బూడిద అంటింది.

“ఏమ్మా, దీన్ని సిమెంటు గోడకు అంటించావా ఏంటి?”

“లేదు సార్, పలకకు. మాది మార్కాపురం.”

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను ఒకసారి చూసి, అక్షరాలతో ఇంత అనుబంధం నేనెక్కడా చూడలేదమ్మా అని, ఆ పెచ్చును తప్పించి, దాని పక్కన ముద్ర వేశాడు. ముద్ర చక్కగా పడింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఎంతసేపు ఊపిరి పీల్చుకున్నానో ఇప్పటికీ గుర్తుంది. పక్కన కూర్చున్నావిడ ఒంట్లో బాలేదా అని అడిగితే, లేదండీ చాలా బాగుందని చెప్పాను.

తర్వాత మిగతా రెండు ముద్రలూ పడ్డాయి, వీసా వచ్చింది, నేను మస్కట్ పోయిన ఏడాదిలోపే నాయన ఫ్యాక్టరీ మానేశాడు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ తగ్గింది, సాయంత్రాలు కాలవ కట్ట మీద నడిచే ఓపిక వచ్చింది, ఆ తర్వాత చాలా ఏళ్ళే మా మధ్య ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు తేలికపడుతుంది. మా అక్క మనవరాలికి ఇన్ని తిప్పలు లేకుండా పోయినందుకు కూడా సంతోషమే, ఆ మూడు రోజులు పగవాళ్ళకు కూడా వద్దు. అయితే ఇప్పుడు చాలా షెడ్లలో గోదాములు వెలిశాయి, పిల్లలు పలకలు పట్టడం మానేశారు, చేత్తో రాయి చీల్చేవాళ్ళు మా వీధిలో ఒక్కరూ లేరు. మూడేళ్ళు చదివిన చదువుకు రుజువు చూపించమని నన్ను ఎన్నో ఆఫీసులు అడిగాయి. నలభై ఏళ్ళు చేసిన పనికి నాయనను ఎవరూ ఏ రుజువూ అడగలేదు, ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. ఆయనకు ఆ పని ఎంత బాగా వచ్చో ఈ రోజు ఎవరికైనా చూపించాలంటే, నా దగ్గర ఉన్నది నా డిగ్రీ వెనకవైపు ఒక్కటే.