ఫ్రీ చేసిన బండి

కారు అడుగున, సైలెన్సర్‌కు ముందు ఒక ఇనుప డబ్బా ఉంటుంది. దాని లోపల సన్నని రంధ్రాల జాలీ ఉంటుంది. ఇంజన్ వదిలే విషపు పొగను శుభ్రం చేసేది ఆ జాలీయే. దాన్ని కన్వర్టర్ అంటారట. ఇదంతా నాకు మా కారులో జాలీ పోయిన నాలుగేళ్లకు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే జాతి నాది.

మాది గద్వాలలో మగ్గాలున్న ఇల్లు. నేను నేస్తాను, మా ఆవిడ నూలు కండెలు చుట్టేది. చీరలను వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు చేర్చడానికి ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. బస్సులో మూట పెట్టుకుని నిలబడితే ఎవరి చెప్పు ఏ అంచు మీద పడుతుందో చెప్పలేం. కారు వచ్చాక నాకు కాస్త టెక్కు కూడా వచ్చిందని మా వీధిలో అనుకున్నారు. అనుకున్నది నిజమే.

నాలుగేళ్ల కిందట కొత్తకోట దగ్గర ఆ కారు చిన్న ఎత్తు ఎక్కలేక మొరాయించింది. హైవే పక్కన షెడ్డులో ఉన్న మెకానిక్ దాని కింద దూరి చూసి, లోపల ఏదో మూసుకుపోయిందన్నాడు. “సైలెన్సర్ ఫ్రీ జేస్త కాకా, పికప్ మంచిగొస్తది” అన్నాడు. వాళ్ల భాషలో ఫ్రీ చేయడమంటే అడ్డం ఉన్నది తీసేసి దారి వదులు చేయడం. నేను మాత్రం డబ్బులు తీసుకోకుండా చేస్తానన్నాడని అర్థం చేసుకున్నాను. విడ్డూరం ఏమిటంటే, పని అయ్యాక అతను నిజంగానే ఏమీ తీసుకోలేదు. పైగా చాయ్ తెప్పించి తాగించాడు.

ఆ రోజు అతను డబ్బా కోసి, జాలీని పొడిచి మొత్తం తీసేసి, ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ చేసి పెట్టాడు. ఆ జాలీకి పూసిన లోహం చాలా ఖరీదైనదనీ, దాన్ని వెతుక్కుంటూ వచ్చి కొనేవాళ్లున్నారనీ నాకేం తెలుసు? జరీ కండె కొనేటప్పుడు పోగు తుంచి, గోటితో గీకి, లోపల ఎర్ర పట్టుదారం కనబడితే తప్ప ఒప్పుకోని మనిషిని నేను. అలాంటివాణ్ణి దొంగ చేతికి తాళాలిచ్చి వచ్చి, కొత్తకోటలో ధర్మాత్ముడు ఉన్నాడని ఊరంతా చెప్పుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు ఆవిడ కారులో వాసన వస్తోందనడం మొదలుపెట్టింది. దిగేసరికి తల పగిలిపోతోందనేది. అద్దం దించమనేది. దించితే దుమ్ము చీరల మీద పడుతుందని నేను దించనిచ్చేవాణ్ణి కాదు. బస్సులో రాని తలనొప్పి కారెక్కితే వస్తోందంటే నీకు సుఖం పడదని వేళాకోళం చేశాను. కొన్నాళ్లకు ఆమె చెప్పడం మానేసింది. తగ్గిపోయిందని అనుకున్నాను.

ఆ పై చలికాలం ఆమెకు ఆయాసం మొదలైంది. నాలుగు కండెలు చుట్టేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చునేది. నాగర్‌కర్నూల్‌లో ఛాతీ డాక్టరుకు చూపించాం. ఇంట్లో ఎవరైనా బీడీ తాగుతారా, కట్టెల పొయ్యి ఉందా అని ఆయన అడిగాడు. రెండూ లేవన్నాం. అయితే నూలు దగ్గర లేచే నూగు కావచ్చన్నాడు. మేమూ అదే నమ్మి, కండెలు చుట్టే పని మాన్పించాం. నెలనెలా ఆమెను అక్కడికి తీసుకుపోవాలి. బస్సు మెట్లెక్కడానికే ఆమె రెండుసార్లు ఆగాలి కాబట్టి కారు తప్ప గతి లేదు.

ఈ ఏడు కారుకు పదిహేనేళ్లు నిండాయి. మళ్లీ రిజిస్ట్రేషన్ కావాలంటే ఫిట్‌నెస్ కావాలి, దానికి ముందు పొల్యూషన్ కాగితం కావాలి. పరీక్ష చేసినతను మిషన్ గొట్టం రెండుసార్లు పెట్టి చూసి, కన్వర్టర్ లేకుండా ఇది పాస్ కాదు, రోడ్డెక్కించకండి అన్నాడు. నేను నేరుగా కొత్తకోట ధర్మాత్ముడి దగ్గరికే పోయాను. అతను సిగ్గుపడలేదు. పైకి కొత్తగా కనబడే ఖాళీ డబ్బా ఒకటి తెచ్చి, ఇది పెడదాం, కాగితం సంగతి నేను చూసుకుంటా అన్నాడు. వద్దంటే, తుక్కు బండి నుంచి విప్పిన పాతది చూపించాడు. దాన్ని ఊపితే లోపల పగిలిన జాలీ పెంకులు గలగలమన్నాయి. దాన్ని అతని చేతిలోనే పెట్టేసి వచ్చేశాను.

వనపర్తిలో ఇంకో మెకానిక్ దొరికాడు. తక్కువ మాటల మనిషి. ముందుగా ఇది హైదరాబాద్‌లో అమ్మిన బండా, జిల్లాలో అమ్మిన బండా అని అడిగాడు. ఈ బండి తయారైన ఏడాది నగరానికి ఒక పొగ నియమం, జిల్లాలకు ఇంకొకటి ఉండేవట. పేరు ఒకటే అయినా దానిది దీనికి పెట్టకూడదట. ఆర్సీ, ఇంజన్ నంబరు చూసి, ఈ మోడల్‌కే అనుమతి ఉన్నది తెప్పిద్దామన్నాడు. ముద్ర రేకు మీద కొట్టి ఉండాలి కానీ స్టిక్కర్ అతికించి ఉండకూడదు, సెన్సర్ బిగించే రంధ్రం పాతదానికి ఉన్నచోటే ఉండాలి, పార్ట్ నంబరు బిల్లు మీద ఉండాలి అని చెప్పాడు. సరుకు వచ్చాక నేను టార్చి వేసి లోపలికి చూశాను. మగ్గం మీద పడుగు పోగులను విడదీసి పట్టే పన్నె పళ్లంత సన్నగా, వందల గళ్లు. మగ్గం తేలిగ్గా ఆడుతుందని పన్నె పీకి పారేసే నేతగాణ్ణి ఏమనాలి?

పాత డబ్బా విప్పుతూ మెకానిక్ నన్ను కిందికి వంగి చూడమన్నాడు. కొత్తకోటలో పెట్టిన వెల్డింగ్ పగిలి ఉంది. దానికి సరిగ్గా పైన కారు నేల తుప్పు పట్టి చిల్లు పడింది. ఎడమవైపు వెనక సీటు ఎత్తితే, దాని అడుగంతా నల్లటి మసి.

“ఈ సీట్ల ఎవరు కూసుంటరు కాకా?” అన్నాడు.

మా ఆవిడ కూర్చుంటుంది. ఆ సీటు నేను ఇచ్చినదే. మొదట్లో ఆవిడ ముందు కూర్చునేది, చీరల మూట వెనక ఉండేది. ఒకరోజు వనపర్తి దుకాణదారు చీర మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, పొగ వాసన వస్తోందన్నాడు. మారుమాట్లాడకుండా మర్నాడే మూటను ముందుకు, ఆమెను వెనక్కు మార్చాను. పట్టుకు వాసన పడుతుందని నమ్మాను. మనిషికి పడుతుందంటే నవ్వాను. నా మీద నాకు అంత అసహ్యం ఎన్నడూ వేయలేదు.

చిల్లు మూయించి, కొత్త కన్వర్టర్ బిగించాక పొల్యూషన్ పరీక్ష మొదటిసారే పాసయింది, ఫిట్‌నెస్ కూడా వచ్చింది. ఆ వారమే నాగర్‌కర్నూల్ పోతూ దారిలో ఆవిడకు అంతా చెప్పాను. జాలీ సంగతి, చిల్లు సంగతి, సీటు సంగతి ఏదీ దాచలేదు. ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ విన్నది. నాలుగు తిట్టినా బాగుండేది.

డాక్టరుకు కూడా నేనే చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, రోగానికి అదే కారణమని అనలేం, కాదని కూడా అనలేం అన్నాడు. ఊపిరితిత్తులు పోయినంత మేర పోయినట్టే, ఇక తిరిగి రావన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఇన్నాళ్లు బండిలో వాసన తెలియలేదా అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. ఊపిరి సరిపోక మధ్యలో ఆగి ఆగి చెప్పింది.

“ఏం వాసన రాలే సార్. వస్తే నేను చెప్పకపోదునా? ఈయనకేం తెల్వదు.”

డాక్టరు తలూపి అదే రాసుకున్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. కాదని చెప్పలేదు.