బావ కట్టిన జీడిబట్టీ

పలాసలో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన మా బావకి ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: "గుండా, బద్దా?" జీడిపిక్క కొట్టినప్పుడు పప్పు నిండుగా వస్తే గుండు, చీలిపోతే బద్ద. నా డిగ్రీ ఫలితాలొచ్చినప్పుడూ అదే అడిగాడు.

చనిపోయిన తండ్రి నడిపిన జీడిబట్టీని, అంటే జీడిపిక్కలు వేయించే షెడ్డుని, ఆయన కంప్యూటర్లో ఒక పాత తుపాకుల ఆటలో గోడ గోడా కట్టుకున్నాడు. గేటు దగ్గర తుపాకీ లేని కాపలావాణ్ణి ఒకణ్ణి నిలబెట్టాడు. ఆ బొమ్మే వాళ్ల నాన్న. కొత్త కంప్యూటర్లలో ఆ ఆట నడవలేదు. దాంతో ఆ ఫైళ్లన్నిటినీ కొత్త ఆటలోకి మార్చడానికి వేసవంతా కూర్చున్నాడు.

చివరికి బట్టీ తెర మీదికొచ్చింది. గోడలు, డ్రమ్ములు, పొగగొట్టం, అన్నీ ఉన్నాయి. బావ గేటు దాకా వెళ్లగానే కాపలావాడు కాల్చేశాడు. కొత్త ఆటలో కాపలావాళ్లందరికీ తుపాకులుంటాయి. బావ మళ్లీ వెళ్లాడు, మళ్లీ చచ్చాడు.

"నువ్వూ కాల్చు బావా," అన్నాను.

"మా నాన్ననేటి కాల్సడం?"

"పోనీ ఆ ఫైలు సరిచెయ్యి. బద్దొచ్చింది కదా."

బావ తెర మీంచి చూపు తిప్పలేదు.

"నాను బడి ఎగ్గొట్టి బట్టీకెల్లినప్పుడల్లా గేటుకాడే తన్నీవోడు. లోపలికి రానిచ్చీవోడు కాదు. గుండే వొచ్చింది."