మాత్ర మింగాక మొదలైన మంట

ఏడాదిగా జగ్గమ్మ చెప్పేది ఒకటే మాట. "ఆ పురుగుల మాత్ర మింగిన కాణ్ణుంచే నాకీ మంట." వినీ వినీ ఇంట్లోవాళ్ళకి విసుగొచ్చింది. చెప్పీ చెప్పీ ఆవిడకి నోరు నొప్పెట్టింది. నమ్మిన మనిషి మాత్రం ఒక్కరు లేరు.

పొందూరు దగ్గర పల్లె వాళ్ళది. వరి నాటే ఉడుపుల్లో జట్టుకి జగ్గమ్మే ముందుమనిషి. మడిలో ఆవిడ నడుం వంచితేనే మిగతా ఆడవాళ్ళు వంచుతారు, ఆవిడ గట్టెక్కితేనే వాళ్ళూ ఎక్కుతారు. అలాంటి మనిషికి పోయినేడు నాలుగడుగులేస్తే ఆయాసం వచ్చేది. ఊళ్ళో ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు పరీక్ష చేసి, ఒంట్లో రక్తం లేదు, కడుపులో పురుగులున్నాయి అన్నారు. మాత్ర ఇస్తే మింగింది. ఆయాసం తగ్గిన మాట నిజమే, కాదనలేం. కానీ పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ లేని మంట రొమ్ము కింద మొదలైంది.

ముందు ఊళ్ళో మందులిచ్చే ధర్మేంద్ర దగ్గరికి వెళ్ళింది.

"గ్యాసు పిన్నీ, గ్యాసు. కారం తగ్గించు," అన్నాడు చెయ్యయినా పట్టుకుని చూడకుండా.

"పురుగుల మాత్ర మింగాకే వచ్చింది బాబూ."

"ఆ మాత్ర పురుగుల్ని సంపుతాది గానీ నిన్నేటి సేస్తాది?" అని నవ్వాడు.

ఆ నవ్వుకి ఆవిడ ఒళ్ళు మండిపోయింది. అయినా కారం మానేసింది. పచ్చిమిరపకాయ కొరకకుండా తాగితే చోడి అంబలి కూడా ఒక తిండేనా, చెప్పండి! చింతపండు మానేసింది, ఉల్లిపాయ మానేసింది. మంట మాత్రం ఉన్నచోటే ఉంది. పట్నంలో ఇంకో డాక్టరు ఆవిడ మాట పూర్తి కాకుండానే టీ మానెయ్యమని చీటీ రాసి చేతిలో పెట్టాడు. జగ్గమ్మ జన్మలో టీ తాగితే కదా మానెయ్యడానికి!

చదువుకున్నవాళ్ళు వినకపోతే పోనీ, జట్టులో ఆడవాళ్ళు విన్నారు. "ఒసే, నా బతుకు సూసేనా బుద్ధి తెచ్చుకోండి. ఆ మాత్ర నోట ఎట్టకండి," అని గట్టు మీద కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. కోడలు ధనలక్ష్మి అయితే నర్సు ఇచ్చిన మాత్రని తీసుకెళ్ళి గూట్లో పడేసింది.

ఈ ఏడు ఉడుపులు మొదలయ్యాయి. నడుం వంచేసరికి కడుపులో నిప్పులు పోసినట్టయి జగ్గమ్మ గట్టెక్కి కూలబడింది. ఆవిడ ఎక్కిందని జట్టంతా ఎక్కేసింది. రైతు లబోదిబోమన్నాడు. చివరికి జట్టులోనే ఉన్న కూర్మమ్మని ముందుకి పెట్టి పని కానిచ్చారు. తన చోటులో ఇంకో మనిషి వంగి నాటుతుంటే చూడటం కంటే ఆ మంటే నయమనిపించింది జగ్గమ్మకి. మర్నాడే శ్రీకాకుళం బస్సెక్కింది.

అక్కడి పెద్దాసుపత్రిలో నోట్లోంచి గొట్టం వేసి చూశారు. కడుపులో పుండు ఉందన్నారు. విశాలి అనే పడుచు డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది. ఈవిడా నవ్వుతుందిలే అనుకుంటూనే జగ్గమ్మ పాత పాట మొదలెట్టింది.

విశాలి నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది. "మాత్ర వేసుకున్న ఎన్నాళ్ళకి మొదలైంది? అంతకు ముందు అసలు లేదా?"

ఆ మాటకి జగ్గమ్మకి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఏడాదిలో అడిగిన మొదటి మనిషి మరి.

"మీ కడుపులో ఒక క్రిమి ఉందమ్మా. చిన్నప్పటినుంచీ ఉండి ఉంటుంది," అంది విశాలి. "దాని మీద ఒళ్ళు చేసే యుద్ధమే చాలావరకు ఈ మంట, ఈ పుండు. పేగుల్లో పురుగులున్నాయే, అవి తమ జోలికి రాకుండా ఒంటిని జోకొడతాయి. ఆ జోల కడుపుదాకా పాకుతుంది. పురుగులు పోయేసరికి ఒళ్ళు లేచి ఆ క్రిమి మీద పడి ఉంటుంది. ఎలుకల్లో ఇలాంటిది చూశారు. మీకూ ఇదే జరిగిందని ఒట్టేసి చెప్పలేను గానీ, మీ మాట కొట్టిపారేసేది కాదు."

"అయితే ఆ పురుగులే నయం కాదేటి తల్లీ?"

"అవి మీ రక్తం తాగాయి కదమ్మా! వాటి చాటున క్రిమి హాయిగా పెరిగింది. రెంటినీ వదిలించుకోవాలి. ముందు క్రిమికి రెండు వారాలు మందు వాడండి. అదయ్యాక పురుగుల మాత్ర ఇంకోటి వేసుకోండి, ఏడాదైంది కదా. అన్నట్టు, పొలానికి చెప్పులేసుకుని వెళ్తారా?"

"పండే నేల మీద సెప్పు పెడతానేటి! ఇంటికాడే ఇడిసేస్తాను."

"మడిలో వద్దు. ఊరి డొంక దాటేదాకా వేసుకోండి. పల్లెల్లో జనం బయటికెళ్ళేది డొంకలోకే కదా. పురుగు పిల్లలు ఆ తడిమట్టిలోంచే పాదాల్లోకి ఎక్కుతాయి."

జగ్గమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంటి వెనక మరుగుదొడ్డి ఉంది, దాన్నిండా కట్టెలు పేర్చి పెట్టింది తనే. తిరుగు బస్సులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మాత్ర తర్వాతే మంట వచ్చిందన్న నిజం చెబితే డాక్టర్లు నమ్మలేదు. మాత్ర మింగొద్దని తప్పు చెబితే ఊరంతా నమ్మింది. ఈ లోకాన్ని ఏం చేసుకోవాలి!

ఇంటికెళ్ళేసరికి ధనలక్ష్మి గుమ్మానికి ఆనుకుని ఆయాసపడుతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పోయినేడు తనూ ఇలాగే ఉండేది. జగ్గమ్మ గూట్లో మాత్ర తీసి కోడలి ముందు పెట్టింది.

"మింగు."

"నువ్వే కదత్తా వద్దన్నావు! నీ మంట నాకొద్దు," అని మొహం తిప్పుకుంది ధనలక్ష్మి. జగ్గమ్మ బతిమాలింది, తిట్టింది, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. కోడలు వింటేనా? తను నేర్పిన మాటే తనకి ఎదురు తిరిగింది.

ఇక జగ్గమ్మ నోరు మూసుకుని మందులు వాడింది. కట్టెలు తీసి మరుగుదొడ్డి కడిగించింది. మంట తగ్గుతూ వచ్చింది. మందులయ్యాక ఒకరోజు చెప్పులేసుకుని డొంకలో నడిచి, గట్టు దగ్గర విడిచి, జట్టంతా చూస్తుండగా పురుగుల మాత్ర మింగింది. మింగుతుంటే లోపల భయంగానే ఉంది. వారం తిరిగింది. అదే గట్టు మీద అంబలి గ్లాసు పట్టుకుని పచ్చిమిరపకాయ కసుక్కున కొరికింది. కూర్మమ్మతో సహా అందరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

"ఏటలా సూస్తారు? దిష్టి తగులుతాది," అంది జగ్గమ్మ నములుతూ.

ఆ మధ్యాహ్నం ధనలక్ష్మి మాత్ర చేతిలో పెట్టుకుని అత్త పక్కన కూర్చుంది. మింగలేదు, అటూ ఇటూ తిప్పుతోంది.

"మరి నాకూ నీలాగే మండితే?"

జగ్గమ్మ గ్లాసులో నీళ్ళు పోసింది.

"మండితే నాకు సెప్పు," అంది. "నాను నమ్ముతాను."

ధనలక్ష్మి మాత్ర నోట్లో వేసుకుంది. జగ్గమ్మ నీళ్ళ గ్లాసు అందించింది.