ఆగమని చెప్పే మాట

మా కరాటే సార్ పోయారు. ఆదివారం పొద్దున్నే సార్ భార్య ఫోన్ చేశారు. "బిడ్డా, సార్ పోయిండు," అన్నారు. వెంటనే మళ్ళీ అన్నారు: "ఇయ్యాల ఐతారం గదా. పిల్లలు కల్లం కాడికొచ్చి నిలవడ్తరు. జెర పొయ్యి చెప్పు."

నేను వెళ్ళేసరికి పిల్లలు కల్లం ఊడుస్తున్నారు. మా దగ్గర అదే మొదటి పాఠం. అది ఎడపల్లి శివారులో మూతపడిన ఒక రైస్ మిల్లు కల్లం. సిమెంటు నేల. కోతల రోజుల్లో దాని నిండా వడ్లు ఆరబోస్తారు. వడ్లు ఎత్తేశాక కూడా నూగు మిగిలి, వట్టి కాళ్ళతో నిలబడితే దురద పుడుతుంది. అందుకే ముందు చీపురు, ఆ తర్వాతే కరాటే.

చీపుర్లు పట్టుకున్న ఆ పిల్లలకు కబురు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. అందరికీ వినపడేలా మాట్లాడే అలవాటు నాకు ఎన్నడూ లేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వంగి, చెవిలో చెప్పినట్టు చెప్పాను. విన్నవాళ్ళు విన్నట్టే చీపురు గోడకు ఆనించి ఇంటికి వెళ్ళిపోయారు. చివరికి సగం ఊడ్చిన కల్లం, నేను మిగిలాం.

సార్ ఒకప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. వయసులో ఉన్నప్పుడు నాందేడ్ నుంచి వచ్చిన ఒక మాస్టర్ దగ్గర కరాటే నేర్చుకున్నారట. ఫ్యాక్టరీ ఆగిపోయాక ఈ విద్యే ఆయన బతుకు తెరువైంది. బోధన్‌లో మా కాన్వెంటుతో సహా నాలుగైదు బళ్ళలో చెప్పేవారు. ఆదివారాలు మాత్రం ఈ కల్లంలో, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఈ ఆదివారం క్లాసులో చేరాను. పుస్తకం చాటున ముఖం దాచుకుని తిరుగుతున్నానని మా అమ్మ చేర్పించింది. కాన్వెంటులో సిస్టర్లు మమ్మల్ని పూర్తి పేరుతో పిలిచేవారు. నన్ను "ఏమే" అని పిలిచే హక్కు ఇంట్లో మా నానమ్మ ఒక్కదానికే ఉండేది.

మొదటి రోజు అందరం గుద్దులు విసురుతుంటే సార్ ఉన్నట్టుండి "యమే" అన్నారు. ఆయన నోట ఆ మొదటి అక్షరం కాస్త సాగేది. నాకది "ఏమే" అని వినపడింది. నన్నే అనుకుని వరసలోంచి బయటికి వచ్చి, ఆయన ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఏం బిడ్డా అన్నారు. నేను తల ఇంకా దించాను. మళ్ళీ వరసలోకి పొమ్మన్నారు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నారు. మళ్ళీ వెళ్ళి నిలబడ్డాను.

ఆ సాయంత్రం నానమ్మకు చెప్పి ఏడ్చాను. తరువాతి ఆదివారం నానమ్మ కొంగు నడుముకు చెక్కుకుని నాకన్నా ముందే కల్లానికి చేరింది.

"ఏం సారూ, మా పొల్లను ఏమే గీమే అంటున్నవట. నీ ఇంటిదా అది?"

సార్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా నవ్వలేదు. రెండు చేతులూ జోడించారు. "అవ్వా, అది జపాన్ మాట. యమే అంటే ఆగుండ్రి అని."

"జపానోల్లు గూడ ఆడపిల్లలను ఏమే అనే ఆపుతరా?"

"ఆడోల్లను మొగోల్లను అందర్ని గట్లనే ఆపుతరవ్వా."

"గట్లయితే మంచిదే," అంది నానమ్మ. నమ్మలేదు. ఆ రోజు నుంచి ప్రతి క్లాసుకూ నా వెంట వచ్చి, గోడ పక్కన రేకుల నీడలో కూర్చునేది. సార్ "యమే" అన్నప్పుడల్లా నానమ్మ తల ఎత్తేది. సార్ అటు తిరిగి, "నిన్ను గాదవ్వా," అనేవారు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఏళ్ళు గడిచినా ఆ మాట పాతబడలేదు.

ఆ ఒక్క మాటను సార్ చాలా జాగ్రత్తగా వాడేవారు. ఎదురెదురుగా ఇద్దరం నిలబడి చేసేటప్పుడు, ఒకరి పిడికిలి ఇంకొకరి ముక్కు దాకా వచ్చినా సరే, యమే అంటే అక్కడే ఆగాలి. అది వినపడ్డాక కూడా చెయ్యి ముందుకు పోతే అప్పటిదాకా నేర్చిందంతా దండగ అనేవారు. యమే అనేదాకా ఆగనూ కూడదు. భంగిమ పూర్తి చేసి, కాళ్ళు వణుకుతున్నా అలాగే నిలబడాలి. అందుకే నేర్పేవాడు మాట్లాడుతూ, ఫోన్ చూస్తూ పిల్లలను నిలబెట్టకూడదని ఆయన పట్టు. ఆపే మాట తన దగ్గర పెట్టుకున్నవాడు పిల్లల మోకాళ్ళ మీద కన్ను వేసి ఉంచాలి.

ఆయన చెప్పినవి చాలావరకు ఇలాంటి చిన్న విషయాలే. చెప్పులు తలుపు దగ్గర వరసగా, ముందు వైపు బయటికి ఉండేలా విడవాలి. గోళ్ళు కత్తిరించుకుని రావాలి. గుద్దు విసిరిన చేతినే చూడొద్దు, వెనక్కి లాగే చేతిని చూడు, బలం అక్కడ ఉంటుంది. కొత్తగా వచ్చిన పిల్లను లోతుగా వంగి నిలబడమని బలవంతం చేయొద్దు, నడుము నిటారుగా ఉంటే చాలు, లోతు దానంతట అది వస్తుంది. సిమెంటు నేల మీద కప్పగంతులు వేయించొద్దు.

బడి వార్షికోత్సవాల్లో పిల్లలతో పెంకులు పగలగొట్టించమని యాజమాన్యాలు అడిగేవి. సార్ ఒప్పుకునేవారు కాదు. "పెంకు పలగ్గొట్టిన పిల్లకు పెంకు పలగ్గొట్టుడే వస్తది," అనేవారు. ఒక బడి ఆ కారణంగానే ఆయనను మానిపించి వేరే మాస్టర్‌ను పెట్టుకుంది. సార్ ఆ మాస్టర్‌ను ఏమీ అనలేదు. పిల్లల చేతులకు ముందు తువ్వాలు చుట్టించమని కబురు మాత్రం పంపారు.

గుద్దు చివర అరవాలి. అది నాకు రాలేదు. అందరూ కల్లం దద్దరిల్లేలా అరుస్తుంటే నా నోరు తెరుచుకునేది, శబ్దం వచ్చేది కాదు. ఎవరో నవ్వారు. సార్ నా పక్కన వచ్చి నిలబడి, నోరు మూసుకుని, ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలారు. "అరుపుదేమున్నది, ఆఖరికి వస్తది. ముందుగాల ఊపిరి ఇడువు," అన్నారు. బెల్టులు మారాయి. నేను ఊపిరి వదులుతూనే ఉన్నాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

డిగ్రీలో చేరాక చిన్నపిల్లలను దిద్దే పని నాకు అప్పజెప్పడం మొదలుపెట్టారు; యమే మాత్రం ఆయనే అనేవారు. మొదటి రోజు ఒక పాప చెయ్యి, మోచెయ్యి, పాదం, చూపు అన్నీ సరిచేశాను. పాప బిక్కచచ్చిపోయింది. క్లాసు అయ్యాక సార్ నన్ను పిలిచి ఒక నాటికి ఒక్క తప్పే చెప్పమన్నారు. అది కూడా అందరి ముందు చెప్పకుండా, పక్కన నిలబడి సరిగ్గా చేసి చూపమన్నారు. చూసే కన్ను ఉంటే దిద్దుకుంటుందట, లేకపోతే వచ్చే వారం దిద్దుకుంటుందట. పిల్లలకు ఎదురుగా నిలబడి చేసేటప్పుడు నా ఎడమే వాళ్ళకు కుడి అని గుర్తుంచుకోవాలన్నారు. నాకు అది అలవాటు కావడానికి ఒక చలికాలం పట్టింది. బస్సులో కూడా కిటికీ అద్దంలో చూసుకుంటూ చేతులు మార్చుకునేదాన్ని.

ఇంకో మాట కూడా చెప్పారు. "మొదలువెట్టుడు ఎవలైనా జేస్తరు. ఆపుడు తెల్వాలె. ఇంకొక్కసారి చేస్త సార్ అని పిల్ల అన్నప్పుడే ఆపాలె. గప్పుడు రేపు మళ్ల వస్తది."

తర్వాత ఆయన గొంతులో జబ్బు చేసింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. తిరిగి వచ్చాక మెడకు రుమాలు చుట్టుకుని, గుసగుసగా తప్ప మాట్లాడలేకపోయారు. అయినా ఆదివారం కల్లానికి వచ్చారు. లెక్క నన్ను పెట్టమని సైగ చేశారు; ఒక్కో అంకెకు పిల్లలు ఒక్కో గుద్దు విసరాలి.

నేను లెక్క పెట్టాను. ముందు వరసకు వినపడింది. వెనక పిల్లలు ముందువాళ్ళను చూసి చేశారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గట్టిగా అనమంటారని భయపడ్డాను. ఆయన అనలేదు. వెళ్ళి పిల్లలను భుజాలు పట్టి ముందుకు జరిపి, నా చుట్టూ అర్ధచంద్రంలా నిలబెట్టారు. నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర అన్నారు: "గొంతు చిన్నగుంటే వరస దగ్గరికి జరుపుకోవాలె. అంతే."

ఆ ఏడాది అలాగే గడిచింది. నిజామాబాద్‌లో ఎం.ఏ. చదువుతూ శనివారం సాయంత్రం బోధన్ బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. ఆదివారం నేను లెక్క పెడితే, సార్ పక్కన నిలబడేవారు. ఆపడం మాత్రం ఆయనదే. యమే అనలేరు కాబట్టి రెండు అరచేతులూ ఒక్కసారి చరిచేవారు. ఆ చప్పుడుకు పిల్లలు ఆగేవారు. నానమ్మ తల ఎత్తేది. సార్ అటు చూసి, కాదన్నట్టు చెయ్యి ఊపేవారు.

ఒకరోజు ఇంటికి వస్తుంటే నానమ్మ అడిగింది: "నీ పిల్లలు మల్ల గోడ కాడికి వోయిండ్రు, సూసినవా?"

నేను చూడలేదు. మరుసటి ఆదివారం చూశాను. చివరి వరస మునుపటిలాగే మళ్ళీ గోడను ఆనుకుని ఉంది. ప్రతి వారం నేను జడ బిగించుకునే లోపల సార్ పిల్లలను ఒక్క అడుగు వెనక్కి జరుపుతూ వచ్చారు. నా గొంతు వాళ్ళ వెంట వెళ్ళింది. నాకు తెలియనివ్వలేదు. తెలిసిందని నేనూ ఆయనకు చెప్పలేదు. సార్ నా వైపు చూసి గోడ వైపు చూశారు, అంతే.

చివరిసారి ఆయనను, పోవడానికి ముందు రోజు, నిజామాబాద్ ఆస్పత్రిలో చూశాను. మంచం మీద చాలా చిన్నగా కనిపించారు. పెదాల దగ్గర చెవి పెడితే, "క్లాసు ఆగొద్దు బిడ్డా," అన్నారు. తల ఊపాను. తల ఊపడం నాకు మొదటి నుంచీ వచ్చు. క్లాసు తల ఊపితే సాగేది కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

అంత్యక్రియల రోజు సార్ ఇంటి ముందు చాలా జనం. వాకిట్లో చెప్పులు కుప్పలుగా పడి ఉన్నాయి. వాటి పక్కన, గోడ వెంట, చిన్న చిన్న చెప్పులు ఒకే వరసలో, ముందు వైపు బయటికి ఉన్నాయి. మా పిల్లలు వచ్చారని ఆ వరసను చూసే తెలుసుకున్నాను. సార్ భార్య కూడా వాటినే చూస్తూ ఉండిపోయారు.

దినాలు అయ్యాక కల్లం ఆసామి మా ఇంటికి వచ్చారు. ఆయన తాతలు ఈ పొలాలకు కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. "ఏమ్మా, నువ్వు చెబుతావా మరి? చెప్పేటట్టయితే గేటు తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. లేదంటే నేను బస్తాలు వేసుకుంటాను," అన్నారు. పిల్లల తల్లుల్లో కొందరు అప్పటికే అనుకుంటున్నారట, నోట్లో నాలుక లేని పిల్ల ఏం నేర్పుతుందని. ఆ మాట నా చెవినా పడింది. నేను చెయ్యి చాపాను. తాళంచెవి అందులో పెట్టి ఆయన వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం పిల్లలు వచ్చారు. కొందరు రాలేదు. ఊడ్చాం. నమస్కరించాం. నేను లెక్క పెట్టాను. గోడ దగ్గరి వరస కూడా నా మాట విని కదిలింది. చివరికి వాళ్ళందరికీ వచ్చిన కటా చేయించాను. అంటే వరసగా కూర్చిన దెబ్బలు, అడ్డుకోవడాలు. అది అయిపోయింది. ఒక కాలు ముందుకు వంచి, ఒక చెయ్యి చాచి, పిల్లలందరూ అలాగే నిలబడ్డారు.

నేను ఆ అరచేతుల చప్పుడు కోసం ఆగాను.

సార్ నిలబడే చోట ఎవరూ లేరు. ఆ ఒక్క మాటా నేను ఎప్పుడూ అనలేదని అప్పుడు తెలిసింది. అన్నీ నాకు ఇచ్చి, దాన్ని ఆయన తన దగ్గరే ఉంచుకున్నారు. నేను అంటే, ఇంక ఆయన అనరని నేనే ఒప్పుకున్నట్టు. నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. అందరికన్నా చిన్న పాప మోకాలు వణకసాగింది. ఎవరూ కదలలేదు. సార్ నేర్పింది అదే మరి.

"ఏమే," అంది రేకుల నీడలోంచి నానమ్మ, నన్ను.

పిల్లలందరూ ఒక్కసారి చేతులు దించి, కాళ్ళు దగ్గరికి తెచ్చి, తలలు వంచారు.

నానమ్మ అనబోయిన మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. ఆ చిన్న పాప నా వైపు తిరిగి, "ఇంకొక్కసారి చేస్తం అక్కా," అంది.

అలా అన్నప్పుడే ఆపాలని సార్ చెప్పారు. ఆ ఒక్కరోజూ ఆయన మాట దాటాను. మళ్ళీ చేయించాను. కటా ముగిసింది. చేతులు చాచి నిలబడ్డారు. ఊపిరి వదిలాను. గోడ దాకా వినపడేలా అన్నాను.

"యమే."

పిల్లలు ఆగారు. రేకుల నీడలో నానమ్మ తల ఎత్తింది. నిన్ను గాదవ్వా అనే మనిషి కోసం ఇద్దరం ఒకే చోటికి చూశాం. అక్కడ ఊడ్చిన నేల మీద ఎండ పడి ఉంది, చీపురు గీతలు ఇంకా చెదరలేదు.