చీటీ లేని మీటరు

గడియారాల అజీముద్దీన్ లంచం తిని, చచ్చిపోయినవాడి ఫట్‌ఫటి, అంటే మోటారు సైకిల్, మీటరును సున్నకు తిప్పాడట. కరీంనగర్‌లో కమాన్ పక్క సందులో ఏడేళ్ళు నలిగిన మాట ఇది. కుళాయి దగ్గర నలిగింది, పిండిగిర్ని దగ్గర నలిగింది, పెళ్ళిపందిళ్ళలో విస్తళ్ళ ముందు కూడా నలిగింది. అన్నవాళ్ళలో ఒక్కరైనా ఆ లంచాన్ని కళ్ళతో చూసిన పాపాన పోలేదు. మీటరు సున్నకు తిరిగిన మాట నిజమే. తిప్పిన చేతులు అజీముద్దీన్‌వే, అదీ నిజమే. మిగిలిందంతా పచ్చి అబద్ధం. అసలు జరిగింది ఇదీ.

అజీముద్దీన్ పన్నెండో ఏట సుల్తానాబాద్ విడిచి హైదరాబాదు చేరాడు. మోటార్ల కార్ఖానాలో మీటర్లు బాగుచేసే ఉస్తాద్ కాళ్ళ దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. పోలీసు చర్య తర్వాత ఆ కార్ఖానాకు తాళం పడింది. భార్య లతీఫున్నీసాను, పట్టకార్ల డబ్బాను వెంటబెట్టుకుని కరీంనగర్ వచ్చి, మంచమంత జాగాలో దుకాణం పెట్టాడు. ఊళ్ళో మోటారు సైకిళ్ళు ఎన్ని ఉండేవి గనక! కడుపు కోసం గడియారాలు కూడా చేసేవాడు.

నోటికి దురుసు లేదు, తీపీ లేదు. "గీ గడియారం పని అయిపోయింది, ఇంకోటి కొనుక్కో" అని గిరాకీ మొహం మీదే అనేవాడు.

"రెండు దినాలు పెట్టుకొని, జర మంచిగ చెప్తే నీ నోటి ముత్యాలు రాలుతయా?" అని దెప్పేది లతీఫున్నీసా.

"రెండు దినాలైనంక లేచి కూసుంటదా అది?" అనేవాడు.

వానాకాలం వస్తే మాత్రం చేతినిండా పని. వాగులు దాటిన బండ్ల మీటర్లలోకి నీళ్ళెక్కేవి. అద్దం లోపల ఆవిరి పట్టి ముల్లు కనబడేది కాదు. అజీముద్దీన్ అంచు రింగును కొంచెం కొంచెంగా లేపి, అద్దం తీసి, ముల్లు పెరికి, లోపలి అంకెల చక్రాలను గాసునూనె గిన్నెలో ముంచేవాడు. పట్టిన మట్టి వదిలేదాకా ఒక్కో చక్రాన్ని తిప్పి సున్నకు తెచ్చేవాడు. ఆ తర్వాత వేయించిన బియ్యం డబ్బాలో రెండు రోజులు పూడ్చిపెట్టేవాడు. మిగిలిన తడిని బియ్యం తాగేస్తాయి.

"మనుషులు తినే బియ్యం మీటర్లకు మేపుతుండు, చూసినవా సత్తమ్మా!" అని ఎదురింటి సత్తమ్మతో మొర పెట్టుకునేది లతీఫున్నీసా. సందులో ఏ ఇంటి కుండలో ఏముందో సత్తమ్మకు తెలియకుండా ఉండదు.

అంకెల విషయంలో ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటుంది. బండి తిరిగిన మైళ్ళను యజమానే చదివి, చీటీ మీద రాసి, దారంతో మీటరుకు కట్టి ఇవ్వాలి. పని అయ్యాక చీటీలో ఉన్న అంకె ప్రకారం చక్రాలు తిప్పిపెట్టాలి. అంతే తప్ప పనివాడు ముందుగా తొంగి చూడకూడదు. దొర నిన్న ఎంతదూరం పోయొచ్చాడో కనుక్కోమని దొరసానులు కార్ఖానాకు నౌకర్లను పంపే కాలం అది. "మనిషి తిరిగిన తొవ్వ మీటర్ల ఉంటది. అది మన సొత్తు కాదు" అనేవాడట ఉస్తాద్. ఆ మాటను అజీముద్దీన్ నమాజులాగే పాటించాడు.

ఆ సందు చివరి ఇంట్లోనే రాజం ఉండేవాడు. కుట్టుమిషన్ల ఏజెంటు. వేలంలో కొన్న పాత ఫట్‌ఫటి మీద ఊళ్ళు తిరిగి మిషన్లు అమ్మేవాడు, చెడిపోతే తనే బాగుచేసేవాడు. భార్య నర్మద, ఆరేళ్ళ కూతురు సక్కుబాయి. పొద్దున బండి తీసే ముందు సక్కును ట్యాంకు మీద కూర్చోబెట్టి మీటరులో అంకెలు చదివించేవాడు. పిల్ల దిగి, గడప పక్క గోడ మీద బొగ్గుతో ఆ అంకె రాసేది. పలక పట్టకముందే ఆ పిల్లకు వేలు, వందలు వచ్చేశాయంటే అందుకే.

యాభై ఎనిమిది వానాకాలంలో పిల్లకు మూడు రోజులు వరుసగా జ్వరం. నాలుగో పొద్దున రాజం సుల్తానాబాద్ పోతానని బండి తీశాడు. అంత జ్వరంలోనూ పిల్ల లేచొచ్చి గోడ మీద 8412 అని రాసింది. నర్మదకు ఒళ్ళు మండింది.

"బిడ్డ కాగిపోతుంటె మిషన్లు కావాల్నా నీకు? పో! మళ్ళ గీ గడప తొక్కకు!"

"తొక్కను తియ్" అన్నాడు రాజం. కిక్కు కొట్టి పోయాడు.

మర్నాడు ఊరికి ఆరు మైళ్ళ అవతల, వాగులో బండి దొరికింది. ఇంకా కిందికి రాజం దొరికాడు. నీళ్ళు బండిని ఎటెటో తిప్పి పడేశాయి కాబట్టి, వాడు పోతూ పడ్డాడో వస్తూ పడ్డాడో చెప్పేవాళ్ళు లేరు. సాయంత్రం దాకా ఊళ్ళో హోటల్లోనే కూర్చుని చాయ్ తాగాడని ఒకరన్నారు. మధ్యాహ్నం సుల్తానాబాద్‌లో చూశామని ఇంకొకరన్నారు. ఊరంతా ఓదార్చి వెళ్ళిపోయింది. నర్మదకు మాత్రం ఒక్కటే పట్టుకుంది. తన మాట మనసులో పెట్టుకుని వెళ్ళిపోతూ పోయాడా? కోపం దిగి ఇల్లు చేరబోతూ పోయాడా?

దినాలు కాగానే నర్మద తమ్ముడు వెంకటి బండిని అమ్మకానికి పెట్టాడు. అద్దం నిండా బురద ఉంటే ఎవరు కొంటారని, మీటరు ఊడదీసి అజీముద్దీన్ ముందు పెట్టి, పని ఉందంటూ వెళ్ళిపోయాడు. అద్దం లోపల ఒండ్రు పేరుకుని అంకెలు కనబడటం లేదు. ఒక్కసారి గుడ్డతో తుడిస్తే కనబడేవి. అజీముద్దీన్ తుడవలేదు. అలవాటు కొద్దీ చక్రాలను గాసునూనెలో ముంచి, ఆ మురికిలోనే వేళ్ళతో తడుముతూ సున్నకు తిప్పాడు. చేతులు కడుక్కుని దారం కోసం వెతికాడు. దారం లేదు, చీటీ లేదు.

వెంకటిని పిలిపించి అడిగితే, "ఏం అంకె సాయబూ? గా బురదల ఎవలు సదివిండ్రు? సున్న ఉంటె ఇంక మంచిది, కొత్త బండి అనుకుంటరు" అని నవ్వాడు.

నిర్మల్ నుంచి వచ్చిన కలప వ్యాపారి గంగయ్య బండి కొన్నాడు. తోలుకుపోయే రోజు నర్మద పరుగెత్తుకొచ్చింది. "అన్నా, ఒక్కసారి మీటరు సూపెట్టు" అంది గంగయ్యతో. గోడ మీది అంకెకు ఆరు మైళ్ళు కలిపితే చివర పద్దెనిమిది. అదుంటే పోతూ పడ్డట్టు. సుల్తానాబాద్ పంతొమ్మిది మైళ్ళు. అక్కడిదాకా పోయి వాగుదాకా తిరిగొస్తే నలభై నాలుగు. వేళ్ళు మడిచి ఆ లెక్క కట్టుకుని వచ్చింది పాపం. వంగి చూస్తే ఐదు సున్నలు. అక్కడే, మట్టిలోనే కూలబడింది.

సాయంత్రానికల్లా, బండి కొత్తదిగా కనబడేందుకు అజీముద్దీన్ లంచం తిన్నాడన్న కథ పుట్టింది. సత్తమ్మ చీర కొంగు బిగించి దుకాణానికే వచ్చింది.

"ఏం అజీమన్నా, నిజంగనే తిన్నవా?"

"నీకేమనిపిస్తుంది అక్కా?"

"నాకేమనిపిస్తె ఏంది, నర్మద ఏమంటుందో ఎరుకేనా? 'లంచం తింటె తినని, తిప్పెటోడు అంకె సూడకుంట తిప్పడు గద. ఆయనకు ఎరుకే. అడిగే ధైర్నమే నాకు లేదు' అంటుంది."

అజీముద్దీన్ చేతిలో పట్టకారు ఆగిపోయింది. తాను దొంగ అయినన్నాళ్ళు నర్మదకు ఆ అంకె ఎక్కడో ఉన్నట్టు. తాను నిజాయితీపరుడైన క్షణాన అది గాసునూనెలో కలిసిపోయినట్టు. సత్తమ్మ నిలబడి నిలబడి వెళ్ళిపోయింది. ఆయన కాదనీ అనలేదు, ఔననీ అనలేదు. ఊరు ఔననే రాసుకుంది.

లతీఫున్నీసాకు మాత్రం అన్నీ చెప్పాడు. "నలభై నాలుగు అని చెప్పరాదు? ఆమె ఇంత అన్నం తింటది, మన మీది మచ్చ పోతది" అనేది ఆమె. అనీ అనీ ఏడుపుకొచ్చేది. గిరాకీ తగ్గిపోయింది. బియ్యం డబ్బా మళ్ళీ వంటింట్లోకి వచ్చింది, అందులో పోయడానికే బియ్యం కరువయ్యాయి. రాజం వదిలిన మిషన్ మీద జాకెట్లు కుడుతూ నర్మద పిల్లను పెంచుకుంది. దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు తల అటు తిప్పుకుని పోయేది. ఏటేటా ఇంటికి సున్నం వేస్తూ, గడప పక్కన జానెడు గోడ మాత్రం విడిచిపెట్టేది.

అరవై అయిదులో ఇంటి యజమానులు నర్మద ఉండే ఇల్లు కూలగొట్టి మళ్ళీ కడతామన్నారు. వెంకటికి నస్పూర్‌లో బొగ్గుబావి కొలువు దొరికింది. అక్కను, పిల్లను రమ్మన్నాడు. సామాను బండికెత్తిన పొద్దున, పదమూడేళ్ళ సక్కు చెయ్యి పట్టుకుని నర్మద దుకాణం మెట్టెక్కింది. ఏడేళ్ళలో అదే మొదటిసారి. లోపల తెర వెనక లతీఫున్నీసా గాజులు గలగలమని, ఆగిపోయాయి.

"చాచా, గోడ రేపు పడగొడ్తరట" అంది నర్మద. "నువ్వు పైసలు తిన్నవో లేదో నాకొద్దు. ఒక్కటి చెప్పు. పద్దెనిమిదా, నలభై నాలుగా?"

అజీముద్దీన్ కంటి మీది భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. తెర వైపు చూశాడు. ఆ తర్వాత పిల్ల వైపు, చివరికి నర్మద వైపు చూశాడు.

"నలభై నాలుగు అని చెప్పుమని మా ఇంటామె ఏడేండ్ల సంది పోరుతుంది బేటీ. నాకు ఎరుకైతే గా దినమే ఉరికొచ్చి చెప్పకపోదునా? నేను చూడలే. బురద తుడువకుంటనే ముంచిన, చూడకుంటనే తిప్పిన. తిప్పిన చేతులు గివే, చూడని కండ్లు గివే."