పిట్ట ముందు ఇచ్చిన మాట

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మేడ్చల్‌లో మాది మందుల దుకాణం. గాలి సోకిందని, ఎవరో ఏదో చేశారని వచ్చినవాళ్ళ నుదురు ముట్టి చూసి, జ్వరం గోళీలిచ్చి పంపిన దాన్ని. ఆ గోళీలకే తగ్గేది కూడా. శామీర్‌పేట చెరువు కట్ట మీద తెల్లచీర మనిషి కనబడిందని ఎవరైనా మొదలుపెడితే, "ఆమెకేం పని లేదా, గా దోమలల్ల నిలవడ్డది?" అని నోరు మూయించేదాన్ని.

మా ఆయన ఇప్పటికీ నన్ను మొండిఘటం అంటాడు. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నేను మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా పుట్టిల్లు అలియాబాద్. మా బాపు వ్యవసాయం తప్ప వేరే పని ఎరగని మనిషి. ఆయన చూసిన పెద్ద నీళ్ళంటే శామీర్‌పేట చెరువే. తొంభైల్లో ఇంట్లోకి టీవీ వచ్చాక, తుఫాను వార్తల్లో మొదటిసారి సముద్రాన్ని చూశాడు. ఇంక అదొక పిచ్చి పట్టుకుంది. "గంత నీళ్ళకు అవుతలి ఒడ్డే కనవడదా బిడ్డా? మరి నీళ్ళు యాడ ఆగుతయి?" అని కనబడ్డ ప్రతిసారీ అడిగేవాడు. నాకేం తెలుసు? నేను కూడా అప్పటికి సముద్రం చూడలేదు.

మా అన్న యాదగిరి ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. "పోదాం తియ్యి బాపూ, ఈ పంట ఎల్లనీ." పంటలు వెళ్ళిపోయాయి. భూముల ధరలు పెరిగాయి, అన్న ప్లాట్ల వ్యాపారంలో పడ్డాడు, కారు కూడా కొన్నాడు. బాపుకు మాత్రం పక్షవాతం వచ్చింది. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దయింది. అన్న రోజూ పొద్దున నడుము చుట్టూ చెయ్యేసి ఆయన్ను పొలం గట్టు దాకా నడిపించేవాడు. ఆ విషయంలో మా అన్నకు వంక పెట్టడానికి లేదు. కానీ సముద్రం చూడకుండానే బాపు పోయాడు.

మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందంటే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో అనుకుని, తీరుస్తామని మాట ఇస్తారు. మాట ఇచ్చేదాకా, పిట్ట ముట్టేదాకా ఎవరూ అన్నం తినరు.

బాపుకు మటన్, కల్లు, చుట్టలు పెట్టాం. కాకులు వచ్చి చెట్టు మీద వాలాయి కానీ కిందికి దిగడం లేదు. అమ్మ మాట ఇచ్చింది. మా చిన్నాయన మాట ఇచ్చాడు. నన్ను కూడా ముందుకు తోస్తే ఏదో గొణిగి వచ్చాను. ఎండ నెత్తి మాడుస్తోంది. పొద్దుటినుంచి ఏమీ తినక అన్నకు చిరాకు లేచింది. విసురుగా విస్తరి దగ్గరికి పోయి గట్టిగా అరిచాడు.

"సముద్రమే గద బాపూ నీకు గావాల్సింది? నేనే తోల్కవోత. నీ పక్కపొంటే ఉంట, నిన్నిడిసి యాడికీ పోను. ఇగ ముట్టు!"

మాట పూర్తి కాకముందే కాకి దిగింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ఏడ్చారు. అమ్మ ఏడవలేదు. అన్న మొహంలోకి చూసి, "తోల్కవోత అంటె సాలు గద కొడకా. ఇడిసి పోనని ఎందుకంటివి?" అంది. అన్న వినిపించుకోలేదు. చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. నేనైతే కాకికి ఆకలైంది, దిగింది అనుకున్నాను.

కొన్నేళ్ళు గడిచాయి. రెండు వేల సంవత్సరం దాటాక, ఒక వానాకాలం చివర అన్న చేతిలో నాలుగు పైసలు ఆడి, అందరం వైజాగ్ పోదామన్నాడు. అన్న, వదిన, అమ్మ, మా ఆయన, నేను. పిల్లల్ని చిన్నాయన ఇంట్లో ఉంచాం. బాపుకిచ్చిన మాట అన్నకు గుర్తే లేదు. అమ్మ గుర్తు చేస్తే, "మంచిదే అయె, గది సుత తీరిపోతది" అని నవ్వాడు. అమ్మ ముందు రానంది. మళ్ళీ ఏమనుకుందో, అందరికంటే ముందు తనే సంచి సర్దుకుంది.

వైజాగ్‌లో మేము దిగిన లాడ్జి వాళ్ళే ఒక రోజు టూరు బస్సు మాట్లాడిపెట్టారు. పొద్దున బయల్దేరి, సముద్రం ఒడ్డునే పోయే రోడ్డు మీద భీమిలి దాకా తిప్పి, సాయంత్రానికి తెచ్చి దింపుతారు. బస్సులో గైడ్ పేరు సూర్యారావు. నడివయసు మనిషి, నవ్వు మొహం.

అమ్మకు బస్సు పడదు, వాంతులవుతాయి. అందుకని వదిన నడవకు అవతల అమ్మ పక్కన కూర్చుంది. మా ఆయన, నేను ఒక సీట్లో. మా వెనక సీట్లో అన్న ఒక్కడే. కిటికీ పక్క సీటు ఖాళీగా పెట్టి, నడవ వైపు కూర్చున్నాడు. "కిటికీ కాడికి జరుగరాదు అన్నా, సముద్రం మంచిగ కనవడ్తది" అన్నాను. "ఉండనియ్యి" అన్నాడు, అంతే.

ఈ సూర్యారావు గారికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడ ఆపినా, మళ్ళీ బస్సు కదిలే ముందు ముందునుంచి వెనక్కి నడుస్తూ, ప్రతి సీటు దగ్గరా, "మీ పక్కోళ్ళు వచ్చీసారా అండీ?" అని అడుగుతాడు. మనం మన గురించి కాదు, పక్కనున్న మనిషి గురించి జవాబు చెప్పాలి. తలలు లెక్కపెడితే తప్పు పోవచ్చు కానీ పక్క మనిషిని ఎవరూ మరిచిపోరట. మంచి ఉపాయమే అనుకున్నాను.

రుషికొండ దగ్గర నీళ్ళలో కాళ్ళు తడుపుకుని వచ్చాం. సూర్యారావు అడుగుతూ మా వెనక్కి వచ్చాడు. ఖాళీ సీటు పక్కన కూర్చున్న మా అన్న, "వచ్చిండు" అన్నాడు. నేను పకపకా నవ్వాను, గైడ్‌ను ఆటపట్టిస్తున్నాడని. గైడ్ నవ్వలేదు. తలూపి ముందుకు పోయాడు. తిరిగి చూస్తే అమ్మ మొహం పాలిపోయి ఉంది.

తర్వాత తొట్లకొండ ఎక్కాం. పైనుంచి చూస్తే కింద కనుచూపు మేరా సముద్రమే. అన్న ఒక పక్కకు పోయి నిలబడి, చెయ్యి చాపి చూపిస్తూ మెల్లగా మాట్లాడుతున్నాడు. "గదే, సూడు, అవుతలి ఒడ్డు లేదు" అన్న మాట నా చెవిన పడింది. సెల్‌ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడనుకున్నాను. అన్న సెల్‌ఫోన్ వదిన చేతిసంచిలో ఉందని బస్సెక్కాక చూశాను.

బస్సు కదిలిన కాసేపటికి చుట్ట వాసన మొదలైంది. ముందు సీట్లలో ఒకామె ముక్కు మూసుకుని గొడవ చేసింది. సూర్యారావు లేచి మా వైపు చూసి, "తాతగారూ, బస్సులో చుట్ట కాల్చకూడదండీ" అన్నాడు. మా దగ్గర తాత ఎవరూ లేరు. మా ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. వెనక్కి తిరిగి చూడటానికి మాత్రం ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

మంగమారిపేట దాటాక రాళ్ళ తీరం దగ్గర ఆపారు. అక్కడ ఇసుక తక్కువ. నల్లటి బండలు నీళ్ళలోకి పోయి ఉన్నాయి, అలలు వాటికి కొట్టుకుని మనిషెత్తు లేస్తున్నాయి. చివరి బండల మీదికి ఎవరూ పోవద్దని గైడ్ గట్టిగానే చెప్పాడు. ఆకాశం మబ్బు పట్టింది. తుంపర మొదలవగానే అందరం ఉరుకులు పరుగుల మీద బస్సెక్కాం. అమ్మకు తల తిరుగుతోందంటే నేను, వదిన ఆమెను పట్టుకుని ఎక్కించాం. ఆ హడావిడిలో అన్న వెనకే వస్తున్నాడనుకున్నాం.

సూర్యారావు తన పద్ధతి ప్రకారం అడుగుతూ వచ్చాడు. మా ఆయన నా గురించి "వచ్చింది" అన్నాడు. మా వెనక సీటు దగ్గర గైడ్ ఆగాడు, అడిగాడు, కాసేపు వంగి విన్నాడు. మేమిద్దరం ఈసారి కూడా తిరిగి చూడలేదు. "సరేనండీ" అని ముందుకు పోయాడు. బస్సు కదిలింది.

అమ్మకు ఇవ్వడానికి నీళ్ళ సీసా కోసం వదిన వెనక్కి తిరిగి, "అయ్యో, ఈయనేడి?" అని కేక పెట్టింది. రెండు సీట్లూ ఖాళీ. బస్సు ఆపించాం.

కిటికీలోంచి చూస్తే అన్న చివరి బండ మీద ఉన్నాడు. సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఒక చెయ్యి పక్కకు చాపి, వంచి పెట్టాడు, ఎవరి నడుమో పట్టుకున్నట్టు. ఆ చెయ్యి నాకు తెలుసు. బాపును పొలం గట్టు దాకా నడిపించేటప్పుడు సరిగ్గా అలాగే పట్టుకునేవాడు.

అందరం బస్సు దిగి ఉరికి, గొంతులు పోయేలా పిలిచాం. వదిన నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. అన్న తిరిగి చూడలేదు. మెల్లగా ఇంకో అడుగు ముందుకు వేశాడు. మా ఆయన, సూర్యారావు బండల మీద ఉరకబోయి జారి పడ్డారు. తల తిరుగుతోందన్న మా అమ్మ ఎప్పుడు బస్సు దిగిందో, ఎలా వచ్చిందో, అందరినీ దాటుకుని నీళ్ళ అంచున నిలబడింది. ఆమె కొడుకును పిలవలేదు.

"ఓ యాదిగాని బాపూ!" అని అరిచింది. "సూసినవ్ గద సముద్రం! వాడు సూపిచ్చిండు గద! ఇగ వాణ్ణిడువు. వానికి చిన్న పిల్లలున్నరు. తోడు గావాల్నా నీకు? నేనొస్త. నేను మాటిస్తున్న, నేనొస్త నీతోని. నా కొడుకును నాకియ్యి!"

అన్న చెయ్యి కిందికి జారింది. ఇటు తిరిగి, నిద్రలో నడిచే మనిషిలా బండల మీదుగా వచ్చేశాడు. ఇసుకలోకి దిగాడో లేదో, పెద్ద అల ఒకటి వచ్చి ఆ చివరి బండను పూర్తిగా ముంచేసింది.

మా ఆయన గైడ్ మీద విరుచుకుపడ్డాడు. "మనిషి ఎక్కకుంటనే బస్సెట్ల ఎల్లదీస్తవయ్యా?" అని కాలర్ పట్టుకున్నంత పని చేశాడు. సూర్యారావు రెండు చేతులూ జోడించాడు. "ఆరి పక్కన తాతగారు చెప్పారండీ. ‘నా కొడుకు నాతోనే ఉంటడు, మీరు పోండి’ అన్నారు. మాట మీ యాసలాగే ఉందండీ. మూతి కాస్త వంకర కదండీ, వంగి వినాల్సొచ్చింది" అన్నాడు. బాపు గురించి ఆ మనిషికి మేమెవరమూ ఒక్క ముక్క చెప్పలేదు. వదినను కూడా అడిగాను, తనూ చెప్పలేదని ప్రమాణం చేసింది.

మళ్ళీ బస్సెక్కేటప్పుడు అమ్మ అన్నను వదిన పక్కన కూర్చోబెట్టింది. తను పోయి మా వెనక సీట్లో, నడవ వైపు కూర్చుంది. కిటికీ పక్క సీటు వదిలేసింది. సూర్యారావు ఆ సీటు దగ్గరికి వచ్చి, అడగకుండానే దాటిపోబోయాడు. అమ్మే చెప్పింది, "వచ్చిండు. పోనియ్యి బిడ్డా."

ఆ దారంతా ఆమెకు ఒక్క వాంతి కాలేదు.

అన్నకు ఆ బండ ఎక్కిన సంగతే గుర్తులేదు. "ఎవరో పట్టుకున్న చెయ్యి ఇడిసిపెట్టినట్టయింది, గంతే" అంటాడు. అంతకంటే అడిగితే లేచి వెళ్ళిపోతాడు.

ఇంటికొచ్చాక అమ్మ తన చీరలు పంచిపెట్టింది. నాతో, వదినతో ఉన్న చిన్న చిన్న అలకలన్నీ తీర్చుకుంది. నేను కోప్పడితే నవ్వేది. దుకాణంనుంచి మిషను తీసుకుపోయి బీపీ చూసేదాన్ని, బాగానే ఉండేది. మరుసటి వానలు పడకముందే, ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుము వాల్చి, మళ్ళీ లేవలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. అన్నకు ఆ రోజు భయం. ఏ మాట అడుగుతుందో, తను ఏం చెప్పాల్సి వస్తుందో అని అందరి వెనక నిలబడ్డాడు. విస్తరి పరిచి నేను అన్నం పెడుతున్నాను. ఇంకా లేచి దూరం జరగనే లేదు. నా చెయ్యి విస్తరి మీద ఉండగానే కాకి వచ్చి వాలి ముట్టింది. అమ్మకు ఏ కోరికా మిగల్లేదు. అన్న అక్కడే మట్టిలో పడి, "నా కోసం పోయినవా అమ్మా" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఎన్నో రకాలుగా ఆలోచించాను. అన్నకు అప్పట్లో బీపీ ఉండేది, అది పెరిగి మతి తప్పి ఉంటుంది. గైడ్ వేరే ఎవరినో చూసి ఉంటాడు. అమ్మ వయసు అయిపోయింది, పోయింది. ఒక్కొక్కటిగా చూస్తే అన్నింటికీ సమాధానం చెప్పగలను. అన్నీ కలిపి చూస్తే నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మనని చెబుతాను, కానీ మునుపటంత గట్టిగా చెప్పలేను.

నా పిల్లలకు మాత్రం ఒకటి చెప్పి ఉంచాను. రేపు నేను పోయాక, కాకి రాకపోతే రాకపోనీయండి. నా కోసం ఎండలో నిలబడకండి, ఆకలైతే తినేయండి. మీలో ఎవ్వరూ ముందుకొచ్చి నాకు ఏ మాటా ఇవ్వొద్దు.